తిరుగు ప్రయాణానికి చమురు ఎవరు పోస్తారు?

(ఒక జిల్లా గ్రంథాలయంలో విశ్రాంత వైమానిక దళ ఉద్యోగి చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఇందాక మాస్టారు నన్ను పరిచయం చేస్తూ "యుద్ధవిమానాల మధ్యనే జీవితం గడిపిన మనిషి" అన్నారు. మాట నిజమే. కానీ వెనుక వరుసలో కూర్చున్న పిల్లలు నేను విమానం నడిపాననుకుంటారేమోనని భయం. నేను నడపలేదు. నడిపేవాళ్ళకు చమురు పోశాను. (నవ్వులు) నవ్వండి, ఫరవాలేదు. మా ఊళ్ళో కూడా చాలాకాలం నన్ను "పెట్రోలు బంకు ఉద్యోగం" అనే అనేవారు.

ఆ ఉద్యోగం ఎలా ఉంటుందో ముందు కాస్త చెబుతాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు బౌజర్, అంటే ఇంధనం తెచ్చే లారీ, విమానం పక్కకు వస్తుంది. ముందు చేసేది గొట్టం తగిలించడం కాదు. ఒక రాగి తీగకున్న క్లిప్పును విమానానికి తగిలించాలి. గొట్టంలో ఇంధనం పరుగెత్తేటప్పుడు పుట్టే విద్యుత్తు నిప్పురవ్వగా మారకుండా ఆ తీగ కాపాడుతుంది. తరువాత ఒక గాజు జాడీలోకి కాస్త ఇంధనం పట్టి దీపం ముందు ఎత్తి చూడాలి. అడుగున నీటి బొట్టు ఉందా, నలుసు ఉందా? చూపు సరిపోదు కాబట్టి సిరంజికి చిన్న బిళ్ళ తగిలించి, దాని గుండా ఇంధనాన్ని లాగుతాం. బిళ్ళ పసుపుగానే ఉంటే సరే. ఆకుపచ్చకు తిరిగితే ఆ బౌజర్ వెనక్కి పోవాల్సిందే. కోట్ల రూపాయల విమానం, ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన పైలట్, అందరూ ఆ చిన్న బిళ్ళ రంగు కోసం ఎదురుచూస్తూ నిలబడతారు. చలికాలంలో ఆ జాడీ పట్టుకున్న వేళ్ళు కొయ్యబారిపోయేవి. అది వేరే సంగతి.

పత్రికల్లో కొత్త యుద్ధవిమానం గురించి వార్త వచ్చినప్పుడల్లా ఒక పట్టిక ఇస్తారు. వేగం ఇంత, క్షిపణులు ఇన్ని, ఎగరగలిగే దూరం ఇంత. ఆ చివరి అంకె దగ్గరే నాకు పేచీ. దూరం విమానానిది కాదు. దాని వెనుక చమురు మోసుకొచ్చేవాళ్ళది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇంతే. కానీ మైకు ఇచ్చారు కాబట్టి ఇంకాసేపు చెబుతాను.

మన పెద్దలకు ఈ లెక్క ఎడ్లబండితో తెలుసు. బండి మీద గడ్డి వేసుకుని బయలుదేరారనుకోండి. ఎడ్లు రోజూ తినాలి. దారిలో మేత దొరకదు. బండి ఎంత దూరం పోతే అంత గడ్డి ఎడ్ల కడుపులోకే పోతుంది. ఒక దూరం దాటాక ఆ బండి మోసేది ఆ ఎడ్ల మేతనే, మరేమీ కాదు. గమ్యం చేరుతుంది కానీ దింపడానికి ఏమీ ఉండదు. తిరిగి రావడానికి కూడా ఏమీ ఉండదు.

దక్కనులో ఈ చిక్కును విప్పింది లంబాడీలు. వాళ్ళ ఎద్దులు బండి లాగేవి కావు, వీపు మీదే ధాన్యం బస్తాలు మోసేవి. దారి పొడవునా మేస్తూ నడిచేవి. మోస్తున్న ధాన్యంలో గింజ ముట్టనక్కర లేదు. ఇవాళ మనం ఊరి పక్క తండా అంటున్నామే, ఆ మాటకు మొదట అర్థం కదిలే బిడారు. మొగలు సైన్యాలు, నిజాం సైన్యాలు, చివరికి కంపెనీ సైన్యాలు వీళ్ళ వెనుకే నడిచాయి. 1791 మే నెలలో కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ శ్రీరంగపట్నం దాకా వచ్చి, అరికెర దగ్గర టిప్పు మీద గెలిచి కూడా, కోటను ముట్టడించలేక వెనుదిరిగాడు. ఫిరంగులు లాగే ఎడ్లు చచ్చిపోయాయి, సైనికులకు తిండి లేదు. తెచ్చిన పెద్ద ఫిరంగులను తన చేతులతోనే ధ్వంసం చేయించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది బంజారాల ఎద్దులు నడిపించిన సరఫరాతో మళ్ళీ వచ్చాడు, టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు. పాఠ్యపుస్తకంలో ఆ సంధి ఉంటుంది. ఎద్దులు ఉండవు.

ఇప్పుడు అదే లెక్కను ఆకాశంలోకి తీసుకెళదాం. విమానం దారిలో మేయలేదు. 1944లో అమెరికావాళ్ళు జపాను మీద బాంబులు వేయడానికి బి-29 అనే భారీ విమానాలను ఎక్కడ దింపారో తెలుసా? మన ఖరగ్‌పూర్ చుట్టుపక్కల. చకూలియా, పియార్‌దోబా, దూధ్‌కుండీ అనే చోట్ల. అక్కడి నుంచి జపాను అందదు. కాబట్టి హిమాలయాలు దాటి చైనాలో చెంగ్డూ దగ్గర మరో మజిలీ. మరి చెంగ్డూలో పెట్రోలు ఎక్కడిది? దాన్నీ ఈ విమానాలే మోయాలి. ఒక్క దాడి చేయడానికి ఒక్కో విమానం ఆ కొండల మీదుగా పలుమార్లు పెట్రోలు మోస్తూ తిరిగేది, మోసిన దానిలో పెద్ద వాటా తానే తాగుతూ. అచ్చంగా మన ఎడ్లబండి. 1944 జూన్ 15న యవాటా ఉక్కు కర్మాగారం మీద దాడి అయితే జరిగింది కానీ, ఆ ఏర్పాటు ఏడాది కూడా నిలవలేదు. పసిఫిక్‌లో సైపాన్, టినియన్ దీవులు చేతికి రాగానే అందరూ అక్కడికి తరలిపోయారు. దీవికి పెట్రోలు ఓడలో వస్తుంది. ఓడ తాగేది తక్కువ, మోసేది ఎక్కువ. విమానం అదే, పైలట్లు వాళ్ళే. మారింది ఓడ ఒక్కటే.

ఎగురుతున్న విమానానికి మరో విమానం నుంచి ఇంధనం పోయవచ్చన్న ఆలోచన అంతకు ముందే పుట్టింది. 1923 జూన్ 27న కాలిఫోర్నియాలో శాన్ డియేగో మీద ఒక విమానంలోంచి రబ్బరు గొట్టం కిందికి వేలాడదీస్తే, కింద ఎగురుతున్న విమానంలోని మనిషి చేత్తో అందుకుని ట్యాంకులో పెట్టాడు. సర్కసు చూసినట్టుగానే చూశారు జనం. అణుబాంబులు మోసే విమానాలకు సముద్రాలు దాటే అవసరం వచ్చాక అది సర్కసు కాకుండా పోయింది. 1949లో అమెరికా బి-50 విమానం ఒకటి 94 గంటలు ఎక్కడా దిగకుండా భూగోళాన్ని చుట్టింది. దారిలో నాలుగుసార్లు గాలిలోనే ఇంధనం నింపుకుంది.

ఇవాళ రెండు పద్ధతులున్నాయి. అమెరికా వైమానిక దళానికి ఇష్టమైనది బూమ్. ఇంధనం ఇచ్చే ట్యాంకర్ విమానం తోక కింద గట్టి గొట్టం ఉంటుంది. పాత కేసీ-135లో అయితే ఒక ఉద్యోగి వెనుక భాగంలో బోర్లా పడుకుని, కిటికీలోంచి కిందికి చూస్తూ ఆ గొట్టాన్ని వెనుక విమానం నెత్తి మీది రంధ్రంలోకి దించుతాడు. ఆ రంధ్రం పైలట్ కళ్ళకు కనిపించదు. తన విమానానికి ఎవరో పాలు పడుతున్నట్టు కదలకుండా ఉండడమే అతని పని.

రెండోది బ్రిటిష్‌వాళ్ళ పద్ధతి. మనదీ అదే. ట్యాంకర్ రెక్క కింద నుంచి పొడవాటి మెత్తని గొట్టం, దాని చివర షటిల్ కాక్ ఆకారంలో బుట్ట. వెనుక విమానం ముక్కు దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన గొట్టం ఉంటుంది, దాన్ని ప్రోబ్ అంటారు. ఆ ప్రోబ్‌ను బుట్టలో గుచ్చాలి. ఇక్కడ పని అంతా వెనుక పైలట్‌దే. ఇద్దరూ గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంటారు కానీ ఒకరికొకరు దగ్గరయ్యే వేగం మనం నడిచే వేగం. నెమ్మదిగా పోతే బుట్ట పక్కకు జారుతుంది. విసురుగా పోతే గొట్టంలో అల లేచి కొరడాలా కొడుతుంది, ప్రోబ్ మొన విరుగుతుంది. పైగా మన విమానం ముందు తోసుకొచ్చే గాలి ఆఖరి క్షణంలో బుట్టను పక్కకు నెడుతుంది. కొత్త పైలట్లకు మొదట చెప్పే మాట ఒకటుంది: బుట్టను చూడకు. బుట్టను చూస్తూ దాని వెంట పడితే అది దొరకదు. పై విమానం రెక్క మీద గీతలను చూసుకుంటూ నీ స్థానంలో నువ్వు ఉండు, బుట్ట దానంతట అదే వస్తుంది. ఈ మాట నాకు చెప్పిన పైలట్, పెళ్ళి సంబంధాలక్కూడా ఇదే సూత్రం అనేవాడు. ఆయనకు పెళ్ళి ఆలస్యంగానే అయింది. (నవ్వులు)

దీనివల్ల దూరం పెరుగుతుందని అందరికీ తెలుసు. అంతగా తెలియని లాభం ఇంకొకటుంది. విమానం నేల విడిచేటప్పుడు మోయగల బరువుకు హద్దు ఉంటుంది. ఇంధనం నిండా పోస్తే బాంబులు తగ్గించాలి, బాంబులు నిండా వేస్తే ఇంధనం తగ్గించాలి. ట్యాంకర్ పైన కాచుకుని ఉంటే ఈ బేరం అక్కర లేదు. సగం ట్యాంకుతో, నిండా ఆయుధాలతో లేచి, పైకి వెళ్ళాక తాగవచ్చు.

ఇక అసలు కథకు వస్తాను. దీని కోసమే ఇంత దూరం తీసుకొచ్చాను మిమ్మల్ని.

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా ఫాక్లాండ్ దీవులను ఆక్రమించింది. దక్షిణ అట్లాంటిక్‌లో గొర్రెలు, గాలి తప్ప పెద్దగా ఏమీ లేని దీవులు. బ్రిటన్ నుంచి దాదాపు 13,000 కిలోమీటర్లు. దారి మధ్యలో వాళ్ళకు మిగిలింది అసెన్షన్ అనే అగ్నిపర్వత దీవి, అందులో అమెరికావాళ్ళు నడిపే ఒకే ఒక్క రన్‌వే. దాని పేరు వైడ్‌అవేక్. సైనికులు నిద్రపోకూడదని పెట్టిన పేరు కాదు, అక్కడ గుంపులుగా ఉండే సముద్రపు పక్షి పేరు. అక్కడి నుంచి ఫాక్లాండ్స్ రాజధాని స్టాన్లీకి ఇంకా 6,300 కిలోమీటర్లు. మధ్యలో నీళ్ళు తప్ప ఏమీ లేదు.

స్టాన్లీ రన్‌వే మీద బాంబు వేయాలనుకున్నారు. చేతిలో ఉన్న విమానం వల్కన్. సోవియట్ యూనియన్ మీద అణుబాంబు వేయడానికి కట్టిన ముసలి విమానం, విరమణకు నెలల దూరంలో ఉంది. దానికి గాలిలో ఇంధనం నింపుకునే ఏర్పాటు ఒకప్పుడు ఉండేది కానీ ఏళ్ళ తరబడి ఎవరూ వాడలేదు. ప్రోబ్‌ల కోసం మ్యూజియాల్లో నిలబెట్టిన పాత విమానాల దాకా వెతికారు. మా స్టోర్స్ మనుషులకు ఇది చదివితే కన్నీళ్ళు వస్తాయి. పనికిరాదని పారేసిన సామానే ఏదో ఒక రోజు అడుగుతారు. సిబ్బందికి రెండు మూడు వారాల్లో ఆ విద్య మళ్ళీ నేర్పించారు. అనుభవమున్న ట్యాంకర్ పైలట్‌ను ఒకరిని అదనంగా వల్కన్‌లో కూర్చోబెట్టారు.

పేరు ఆపరేషన్ బ్లాక్ బక్. అంటే కృష్ణజింక. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువే. అది పరుగెత్తే తీరుకూ ఈ వల్కన్ ప్రయాణానికీ పోలికైతే లేదు.

ఏప్రిల్ 30 రాత్రి ఆ దీవి నుంచి పదకొండు విక్టర్ ట్యాంకర్లు, రెండు వల్కన్లు లేచాయి. విక్టర్ కూడా ఒకప్పటి బాంబర్ విమానమే, ట్యాంకర్‌గా మార్చారు. బాంబులు వేయాల్సింది ఒక్క వల్కన్. రెండోది అత్యవసరానికి. ఒక్క విమానం కోసం పదకొండు ఎందుకు? ఎడ్లబండి గుర్తు తెచ్చుకోండి. ఒక విక్టర్ వల్కన్‌తో పాటు దక్షిణానికి పోతుంది. సగం దూరానికే అది తిరుగు చమురు మాత్రమే మిగిలే స్థితికి వస్తుంది. ఇంకా ముందుకు పోవాలంటే దానికి మరో విక్టర్ ఇంధనం ఇవ్వాలి. ఆ మరో విక్టర్‌కు ఇంకొకటి. ట్యాంకర్‌కు ట్యాంకర్, దానికి మళ్ళీ ట్యాంకర్. ఒక్కొక్కటీ ఇచ్చి వెనక్కి తిరిగి పోతుంటే గుంపు సన్నబడుతూ పోతుంది. చివరికి చీకట్లో మిగిలేది ఒక బాంబరు, ఒక ట్యాంకరు. ఈ లెక్కంతా కాగితం మీద, చిన్న కాలిక్యులేటర్లతో వేశారు.

లేచిన కాసేపటికే లెక్క చెదిరింది. దాడి చేయాల్సిన వల్కన్ కిటికీ సరిగ్గా మూసుకోలేదు, లోపల గాలి నిలవడం లేదు. వెనక్కి పోయింది. ఒక విక్టర్ గొట్టం పాడైంది, అదీ పోయింది. అత్యవసరానికి తెచ్చిన వల్కన్ ఇప్పుడు అసలుది అయింది. దాని పైలట్ మార్టిన్ విదర్స్. పైగా ఆ విమానాలన్నీ అనుకున్న దానికంటే ఎక్కువ ఇంధనం తాగుతున్నాయి. ఒక్కోదాని బరువు, ఎత్తు, వేగం, అన్నీ రాజీపడి ఒకే గుంపుగా ఎగరడం వల్ల.

చివరి మజిలీ దగ్గర తుపాను మేఘాలు. మెరుపులు. రెండు విక్టర్లు మిగిలాయి. ఒకటి ఇచ్చి తిరిగిపోవాలి, రెండోది పుచ్చుకుని వల్కన్‌తో ముందుకు పోవాలి. పుచ్చుకుంటున్న విమానం ప్రోబ్ ఆ కుదుపుల్లో విరిగిపోయింది. ఇక అది ఎవరి దగ్గరా పుచ్చుకోలేదు. కానీ ఇవ్వగలదు. అప్పుడు ఆ రెండూ వేషాలు మార్చుకున్నాయి. ఇప్పటిదాకా ఇస్తున్న విమానం పైలట్ బాబ్ టక్స్‌ఫర్డ్ అదే తుపానులో వెనక్కి జరిగి, ఇచ్చిన ఇంధనాన్ని తిరిగి పుచ్చుకున్నాడు. విరిగిన మొన తన బుట్టలోనే ఇరుక్కుపోయిందేమోనని ఇంకో భయం. అలా అయితే వల్కన్‌కు ఇవ్వలేడు. ఆ చీకట్లో వల్కన్ దగ్గరకు వచ్చి బుట్టను పరిశీలించి, కాస్త ఇంధనం లాగి చూసి, సరేనంది.

ఇప్పుడు టక్స్‌ఫర్డ్ దగ్గర ఉన్నది సరిపోదు. వల్కన్ దాడి చేసి తిరిగి రావాలంటే ఇంత ఇవ్వాలి. అంత ఇస్తే తాను అసెన్షన్ చేరలేడు. వందల మైళ్ళు ముందే సముద్రంలో పడతాడు. రేడియోలో సాయం అడగవచ్చు కానీ అడిగితే అర్జెంటీనావాళ్ళు వింటారు, దాడి చెడుతుంది. తన విమానంలోని నలుగురినీ ఒక్కొక్కరినే అడిగాడు. అందరూ ముందుకే అన్నారు. ఇచ్చాడు. వల్కన్‌కు అది కూడా అనుకున్న దానికంటే వేల పౌండ్ల బరువు తక్కువే. విదర్స్ కూడా ముందుకే పోయాడు.

టక్స్‌ఫర్డ్ ఉత్తరానికి తిరిగి, ఎవరితోనూ మాట్లాడకుండా గంటల తరబడి ఎగిరాడు. నేను ఈ కథ ఎన్నిసార్లు తలచుకున్నా ఇక్కడే ఆగిపోతాను. బాంబులు వేసే చోట భయం ఉంటుంది, నిజమే, కానీ చేతికి పని కూడా ఉంటుంది. ఇక్కడ పనేమీ లేదు. ఇంధనం ముల్లు తగ్గడం చూస్తూ కూర్చోవడమే.

వల్కన్ నీటికి 300 అడుగుల ఎత్తున వచ్చి, పది వేల అడుగులకు లేచి, రన్‌వేకు అడ్డంగా ఏటవాలుగా 21 బాంబులు వదిలింది. అలా అడ్డంగా వేస్తే ఒక్కటైనా తగులుతుందని లెక్క. సరిగ్గా ఒక్కటే తగిలింది, రన్‌వే నడి మధ్యన. అప్పుడు రేడియోలో సంకేతపదం వెలువడింది: "సూపర్‌ఫ్యూజ్." అది విన్నాకే టక్స్‌ఫర్డ్ నోరు విప్పి ట్యాంకర్ పంపమని అడిగాడు. అసెన్షన్ నుంచి లేచిన మరో విక్టర్ సమయానికి ఎదురొచ్చింది. వల్కన్‌కు కూడా బ్రెజిల్ తీరానికి ఎదురుగా, రియో వైపు, ఇంకో విక్టర్ ఇంధనం ఇచ్చింది. దాదాపు పదహారు గంటల తరువాత అది నేల తాకింది. ఇలాంటి ఒక్కో దాడికి లక్షల లీటర్ల ఇంధనం ఖర్చయింది.

లక్షల లీటర్లకు ఒక గొయ్యా అని నవ్వినవాళ్ళున్నారు. రవాణా విమానాలు ఆ తరువాత కూడా ఆ రన్‌వే మీద దిగుతూనే ఉన్నాయి. దానివల్ల యుద్ధం గెలిచారనడం నాకు అతిశయోక్తి. కానీ అర్జెంటీనా సేనానుల కోణంలో చూడండి. 6,300 కిలోమీటర్ల అవతల నుంచి వచ్చి స్టాన్లీని కొట్టగలిగితే, అంతకంటే ఎక్కువ దూరమేమీ కాని తమ ప్రధాన భూభాగం మాత్రం క్షేమమా? ఆ శంక పుట్టించడమే ఆ దాడి విలువ అని నా అభిప్రాయం.

అర్జెంటీనా వైపు కథ ఇంకా సూటిగా ఉంటుంది. వాళ్ళ దగ్గర ట్యాంకర్లు రెండే, కేసీ-130లు. రియో గ్రాందె స్థావరం నుంచి దీవులు సుమారు 700 కిలోమీటర్లు. వాళ్ళ యుద్ధవిమానాల్లో మిరాజ్‌లకు, డాగర్‌లకు గాలిలో ఇంధనం నింపుకునే ఏర్పాటే లేదు. అవి దీవుల మీదికి వచ్చి, కొన్ని నిమిషాలు మాత్రమే ఉండి, తిరిగి పోవాలి. బ్రిటిష్ యుద్ధవిమానం హారియర్‌తో పోట్లాడితే ఇంటికి చేరే చమురు ఉండదు. కాబట్టి వేగంలో మేలైన విమానాలు చేతులు కట్టుకుని పోట్లాడినట్టయింది. ఏర్పాటున్న స్కైహాక్‌లు, సూపర్ ఎతందార్‌లు మాత్రం బ్రిటిష్ ఓడలకు యముళ్ళయ్యాయి. మే 4న షెఫీల్డ్ యుద్ధనౌకను ఎక్సోసెట్ క్షిపణితో కొట్టిన రెండు ఎతందార్‌లూ దారిలో కేసీ-130 దగ్గర తాగి వచ్చినవే. తూట్లు పడిన ట్యాంకులతో తిరిగొస్తున్న స్కైహాక్‌లు ట్యాంకర్‌కు తగులుకునే ఉండి తీరం చేరిన సందర్భాలూ ఉన్నాయి. ఒకవైపు పోస్తూనే ఉన్నారు, ఇంకోవైపు కారుతూనే ఉంది.

మే 25న ఇంకో జత ఎతందార్‌లు ట్యాంకర్ సాయంతో చుట్టు తిరిగి, ఎవరూ ఎదురుచూడని ఉత్తరం వైపు నుంచి వచ్చాయి. తగిలింది యుద్ధనౌకకు కాదు. అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకుల ఓడకు. పన్నెండు మంది పోయారు. అందులో మూడు చినూక్ హెలికాప్టర్లు, వేలమందికి సరిపోయే డేరాలు కాలిపోయాయి. అప్పటికి గాలిలో ఉన్న ఒకే ఒక్క చినూక్ మిగిలింది. హెలికాప్టర్లలో పోదామనుకున్న సైనికులు సుమారు 36 కిలోల మూటలు వీపున వేసుకుని, బురదలో, చలిలో తొంభై కిలోమీటర్లు నడిచి స్టాన్లీ చేరారు. ఎద్దులు లేకపోతే మనిషే ఎద్దు.

ఇందులో రాజకీయం కూడా ఉంది, త్వరగా చెప్పి ముగిస్తాను. 1973లో ఇజ్రాయెల్‌కు అమెరికా ఆయుధాలు పంపుతుంటే యూరప్ మిత్రదేశాలు దిగనివ్వలేదు. పోర్చుగల్ ఒక్కటే అజోర్స్ దీవుల్లో చోటిచ్చింది. ఆ అనుభవంతోనే అమెరికావాళ్ళు తమ సి-141 రవాణా విమానాలను పొడిగించి, గాలిలో ఇంధనం పుచ్చుకునే ఏర్పాటు చేసుకున్నారు. 1986లో లిబియా మీద దాడికి బ్రిటన్ నుంచి లేచిన ఎఫ్-111లకు ఫ్రాన్స్, స్పెయిన్ తమ గగనతలం ఇవ్వలేదు. జిబ్రాల్టర్ చుట్టూ తిరిగి వెళ్ళారు. ట్యాంకర్లు లేకుంటే ఆ రాత్రి దాడి లేదు. పక్కింటివాడు దారి ఇవ్వనన్నప్పుడు ట్యాంకరే దారి. 2025 జూన్‌లో అమెరికా నుంచి లేచి ఇరాన్ మీద బాంబులు వేసి తిరిగి ఇంటికి పోయిన బి-2 బాంబర్లు దాదాపు 37 గంటలు గాలిలో ఉన్నాయి. టీవీలో బి-2 బొమ్మే చూపించారు. ట్యాంకర్ బొమ్మ చూశారా ఎవరైనా?

మన సంగతి. 2003లో మొదటి ఇల్యూషిన్-78 ట్యాంకర్ వచ్చింది. మొత్తం ఆరు, ఆగ్రాలో ఉంటాయి. తాష్కెంట్‌లో కట్టిన విమానాలు, ఇంధనం ఇచ్చే పరికరాలు ఇజ్రాయెల్‌వి. 2018 సెప్టెంబరు 10న మన తేజస్ మొదటిసారి వీటి దగ్గర 1,900 కిలోల ఇంధనం పుచ్చుకుంది, ఇరవై వేల అడుగుల ఎత్తున. అయితే వీటిలో సగటున సగం కూడా ఎగరడానికి సిద్ధంగా ఉండడం లేదని 2017లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక చెప్పింది. కొత్తవి కొనాలని రెండుసార్లు టెండరు పిలిచి, రెండుసార్లూ ఎయిర్‌బస్ విమానాన్ని ఎంచుకుని, 2010లో ఒకసారి, 2016లో మరోసారి రద్దు చేశాం. ధర ఎక్కువన్నారు. 2020 జులైలో మొదటి ఐదు రఫేల్‌లు ఫ్రాన్స్ నుంచి 7,000 కిలోమీటర్లు ఎగిరి అంబాలా చేరినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. దారిలో 30,000 అడుగుల ఎత్తున వాటికి ఇంధనం ఇచ్చినది మాత్రం ఫ్రాన్స్ ట్యాంకరే. 2025 మార్చిలో శిక్షణ కోసం ఒక కేసీ-135ను ప్రైవేటు కంపెనీ నుంచి అద్దెకు తీసుకునే ఒప్పందం కుదిరింది. యుద్ధవిమానం కొంటే మొదటి పేజీ, ట్యాంకర్ అద్దెకు తెస్తే లోపలి పేజీ.

సముద్రం మీద మాత్రం మన తెలుగువాళ్ళ చేతిలో ఒక పని నడుస్తోంది. విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌తో 2023 ఆగస్టులో ఐదు ఫ్లీట్ సపోర్ట్ ఓడలకు సుమారు 19,000 కోట్ల రూపాయల ఒప్పందం జరిగింది. ఒక్కోటి 44,000 టన్నులు. నడిసముద్రంలో యుద్ధనౌకల పక్కనే ఎగుడుదిగుడు అలల్లో సమాంతరంగా పోతూ, గొట్టాలు అందించి, చమురు, తిండి, మందుగుండు ఇచ్చే ఓడలవి. 2011లో వచ్చిన ఇలాంటి ఓడలు దీపక్, శక్తి ఇటలీలో కట్టినవి. ఇవి కట్టే బాధ్యత విశాఖది. ఎవరి పిల్లలైనా అక్కడ వెల్డింగ్ పనిలో ఉంటే, వాళ్ళు ఏం కడుతున్నారో ఇంట్లో కాస్త చెప్పండి.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థిని: ట్యాంకర్ అంత పెద్దది, నెమ్మదైనది కదా. దాన్నే కూల్చేస్తే?)

మంచి ప్రశ్నమ్మా. అదే ఇప్పటి భయం. గాలిలో దూరం నుంచి కొట్టే క్షిపణుల పరిధి పెరుగుతున్నకొద్దీ ట్యాంకర్ ఇంకా వెనక్కి నిలబడాలి. అది వంద కిలోమీటర్లు వెనక్కి జరిగితే దాని మీద ఆధారపడ్డ ప్రతి విమానం ఎగిరే దూరం ఆ మేరకు తగ్గినట్టే. అందుకే శత్రువు యుద్ధవిమానంతో తలపడడం మాని, దానికి పాలిచ్చే ఆవును వెతుకుతాడు. పైలట్ లేకుండా ఎగిరే చిన్న ట్యాంకర్లను అమెరికా నౌకాదళం తయారు చేసుకుంటున్నది కొంతవరకు ఇందుకే.

(వెనుక వరుస నుంచి ఒక పెద్దాయన: ఆ విక్టర్ పైలట్‌కు ఏమిచ్చారండీ?)

టక్స్‌ఫర్డ్‌కా? పతకం ఇచ్చారండీ. విదర్స్‌కు డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ వచ్చింది, అది శత్రువుతో తలపడినందుకు ఇచ్చేది. టక్స్‌ఫర్డ్‌కు ఎయిర్ ఫోర్స్ క్రాస్. అది శత్రువు ఎదురుగా లేనప్పుడు గాలిలో చూపిన ధైర్యానికి.